బోటు ముందు, మ్యూజియం తర్వాత

మా పిన్ని కూతురు వచ్చే నెల పిల్లల్ని తీసుకుని చికాగో వెళ్తోంది. ఊళ్ళో ఉండేది ఒక్క శనివారమే. ఆ రోజు ప్లాన్ అంతా వాట్సాప్‌లో పంపి ఒకసారి చూడమంది. పొద్దున్నే మ్యూజియం ఆఫ్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ, సాయంత్రం నది మీద బోటు. కింద ఇలా రాసింది: "పిల్లలు ఫ్రెష్‌గా ఉన్నప్పుడే నేర్చుకునేది పెట్టేశాను అక్కా. సాయంత్రం హాయిగా బోటులో తిరుగుతారు."

"తిరగెయ్యి. బోటు ముందు, మ్యూజియం తర్వాత" అని జవాబిచ్చాను. ఎందుకక్కా అంది. రెండు ముక్కల్లో చెబుదామని మొదలుపెట్టి, చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి ఫోను పక్కన పెట్టేశాను. దానికి చెప్పాల్సింది పెద్దదే. పైగా నేను అనుకుంటున్నది నిజమో కాదో నాకే ఒకసారి తేల్చుకోవాలని ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అదే రోజు, రెండుసార్లు

అదే ఊళ్ళో, అదే మ్యూజియం, అదే నది, మేం రెండుసార్లు చూశాం. మొదటిసారి మూడేళ్ళ క్రితం, అచ్చం చెల్లి ప్లాన్ లాగే. రెండోసారి కిందటి వేసవిలో, తలకిందులుగా. ఆ తలకిందులు చేయడం ముందుగా ఆలోచించి చేసింది కాదు. సాయంత్రం ఉరుములతో వాన పడుతుందని ఫోర్‌కాస్ట్‌లో చూసి, బోటు టికెట్లు పొద్దుటికి మార్చుకున్నాం, అంతే.

మొదటిసారి పాపకి ఏడేళ్ళు, బాబుకి ఐదు. తలుపులు తీసే వేళకే గుమ్మం ముందున్నాం. చేతిలో మ్యాపు, మ్యాపు మీద నేను పెన్నుతో చుట్టిన సున్నాలు. బొగ్గు గని, అపోలో 8 వ్యోమనౌక, 1934 నాటి పయనీర్ జెఫిర్ రైలు, 40 అడుగుల ఎత్తున తిరిగే సుడిగాలి, యుద్ధంలో పట్టుబడ్డ జర్మన్ సబ్‌మెరీన్. డబ్బు పెట్టి ఇంత దూరం వచ్చాం, ఏదీ వదలకూడదని నా పట్టుదల.

బాబు మాత్రం గుడ్లు పొదిగే చోట ఆగిపోయాడు. గాజు పెట్టెలో ఒక గుడ్డు మీద సన్నటి పగులు ఉంది. పగులు చుట్టూ పెంకు కొంచెం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతోంది. లోపలున్నది ముక్కుతో పొడుస్తోందన్నమాట. వాడు గాజుకి నుదురు ఆనించి, ఊపిరితో గాజు మసకబారితే చేత్తో తుడుచుకుంటూ, "వచ్చేస్తోందమ్మా, వచ్చేస్తోంది" అంటున్నాడు. పది నిమిషాలు ఓపిక పట్టాను. సబ్‌మెరీన్ టూర్‌కి టైమైందని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. వాడు నడుస్తూనే మెడ వెనక్కి తిప్పి చూస్తున్నాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

సబ్‌మెరీన్‌లో పాప నా చున్నీ లాగుతూ రెండుసార్లు "అయిపోయిందా?" అని అడిగింది. సాయంత్రం బోటెక్కాక పావుగంట కూడా కాలేదు, ఇద్దరూ చెరో ఒళ్ళో నిద్రపోయారు. మైకులో గైడు ఆ నదిని మనుషులు ఎలా వెనక్కి తిప్పారో చెబుతోంది. ఎంత మంచి కథ! వినాల్సిన ఇద్దరూ నిద్రలో ఉన్నారు. రాత్రి ఫోనులో మా అమ్మ "ఏం చూశార్రా?" అనడిగితే "చాలా చూశాం అమ్మమ్మా" అని ఊరుకున్నారు.

లాకుల దగ్గర

రెండోసారి మాతో మా నాన్న కూడా ఉన్నారు. ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, సర్వీసంతా గోదావరి కాలవల మీదే. బోటు పొద్దున పది గంటలకి. నదిలో బయల్దేరి, మేడల మధ్య తిరిగి, మిషిగన్ సరస్సులోకి వెళ్ళి వచ్చే బోటు అది.

నదికీ సరస్సుకీ మధ్య ఒక అడ్డు ఉంది. సరస్సు మట్టం మామూలుగా నది కంటే రెండు నుంచి ఐదు అడుగులు ఎత్తు. అందుకని బోటు నేరుగా పోలేదు. 600 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు ఉన్న ఒక కాంక్రీటు తొట్టిలోకి వెళ్ళి ఆగుతుంది. వెనక గేట్లు మూసుకుంటాయి. ముందు గేట్లు కొద్దిగా, సందు పడేటంత మాత్రమే తెరుచుకుంటాయి. నాన్న రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "లాకులు! ఇవి మన లాకులే" అన్నారు. ఇంత దూరం వచ్చాక ఆయన ముఖంలో ఆ వెలుగు చూడటం అదే మొదటిసారి.

బాబు గోడ వైపు చూస్తున్నాడు. గోడకి పచ్చటి పాకుడు, దానిపైన తడి ఆరిన తెల్లటి చార ఉన్నాయి. "గోడ కిందికి దిగిపోతోంది" అన్నాడు. నిజంగానే చార మా మోకాళ్ళ ఎత్తు నుంచి మెల్లగా కిందికి జారుతోంది. పాప కాసేపు చూసి, "గోడ కాదురా, మనం లేస్తున్నాం" అంది. బోటులో ఏ కుదుపూ లేదు. ఇంజను చప్పుడు కూడా తగ్గిపోయింది. వందమందిని, ఆ ఇనుమునంతటినీ ఏదో ఎత్తుతోంది, కానీ ఎత్తుతున్నట్టే తెలియడం లేదు.

"పంపులు ఎక్కడున్నాయి తాతయ్యా?" అని అడిగింది పాప.

"పంపులెందుకు తల్లీ? పైన నీళ్ళున్నాయి, కింద మనం ఉన్నాం. సందు ఇస్తే అవే వస్తాయి. గేటు తియ్యడమే మనిషి పని" అన్నారు నాన్న.

"ఇంత పెద్ద బోటుని ఉత్తి నీళ్ళే ఎత్తుతాయా?"

"చూస్తున్నావుగా."

దానికి ముందే, నదిలో ఉండగా, గైడు పాత కథ చెప్పాడు. ఒకప్పుడు ఈ నది సరస్సులో కలిసేది. ఊరి మురికంతా నదిలోకి, నది సరస్సులోకి, సరస్సు నీళ్ళేమో ఊరికి తాగడానికి. దాన్ని తప్పించడానికి 28 మైళ్ళ కాలవ తవ్వి, 1900లో నదిని వెనక్కి తిప్పారు. అప్పటినుంచి నీళ్ళు సరస్సు వైపు కాకుండా అటు ఇల్లినాయ్ నది మీదుగా మిసిసిపీలోకి పోతున్నాయి. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం కోర్టుకెక్కింది. 1906లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. "అంటే మన మురికి వాళ్ళకి పంపేశారా?" అని పాప నన్ను అడిగింది. నాన్న, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎగువ, దిగువ గొడవలు నాన్నకి కొత్తవి కావు. "అలాగే జరిగింది తల్లీ" అని మాత్రం అన్నారు. ఇంకో మాట కూడా చెప్పాడు గైడు. వాన మరీ విపరీతంగా పడి నది పొంగితే, ఈ గేట్లే తెరిచేస్తారు, అప్పుడు నది మళ్ళీ పాతకాలంలో లాగా సరస్సులోకి పోతుంది అని.

మధ్యాహ్నం సబ్‌మెరీన్ ముందు

మ్యూజియం డౌన్‌టౌన్ నుంచి ఏడు మైళ్ళ దక్షిణాన, సరస్సు ఒడ్డునే ఉంటుంది. మేం వెళ్ళేసరికి పన్నెండు దాటింది. ఆ రోజు నాలుగింటికే మూసేస్తారు. ఈసారి మ్యాపు మీద సున్నాలు చుట్టలేదు. చుట్టినా చూసే టైము లేదు.

ముందు గుడ్ల దగ్గరకే వెళ్ళాం. బాబు అడక్కుండానే తీసుకెళ్ళాను. అప్పుడే పెంకులోంచి బయటపడ్డ పిల్ల ఒకటి, తడిసి ముద్దై, తల ఎత్తలేక పడుకుని ఉంది. దాని వీపు ఊపిరికి అదురుతోంది. పక్కనే ముందే పుట్టినవి ఆరిపోయి పసుపు దూదిలా ఉన్నాయి. వాడు ఎంతసేపు నిలబడ్డాడో నేను లెక్కపెట్టలేదు. వాడే తిరిగి, "ఇంక పద" అన్నాడు.

తర్వాత సబ్‌మెరీన్. దాని పేరు యు-505. పొడవు 252 అడుగులు. 1944 జూన్ 4న ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా అమెరికా నౌకాదళం దాన్ని పట్టుకుంది. సిబ్బంది బయటికి దూకేముందు, ఓడ శత్రువు చేతికి చిక్కకూడదని నీళ్ళు లోపలికి వచ్చే దారి తెరిచేశారు. మునిగిపోతున్న ఓడలోకి అమెరికా నావికులు దిగారు. వాళ్ళలో ఒకతను నీళ్ళు ఎగజిమ్ముతున్న చోటు వెతికి పట్టుకుని, పక్కన పడి ఉన్న మూతని దానిమీద బిగించాడు. ఓడ నిలిచింది. లోపలున్న రహస్య సంకేతాల పుస్తకాలు, సందేశాలని రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రాలు వాళ్ళకి దొరికాయి.

ఈ కథ మొదటిసారి కూడా విన్నాం. అప్పుడు పాపకి అది పాత యుద్ధం కథ. ఈసారి గైడు మూత దగ్గరికి రాగానే పాప అడ్డం పడి అడిగింది: "నీళ్ళు లోపలికి వస్తేనే కదా సబ్‌మెరీన్ కిందికి వెళ్ళేది? మరి నీళ్ళొస్తే భయమెందుకు?" ఆ గైడు తన ధోరణిలో చెప్పుకుపోతున్నదల్లా ఆగి, పాప వైపు పూర్తిగా తిరిగింది. మనుషులుండే గొట్టం వేరు, దాని బయట నీళ్ళకోసం ఉంచిన ట్యాంకులు వేరు అని చేతులతో చూపించింది. ట్యాంకుల్లోకి నీళ్ళు వదిలితే బరువెక్కి మునుగుతుంది, గాలి బిగించి ఆ నీళ్ళని బయటికి తోసేస్తే తేలుతుంది. మనుషులుండే చోటికి నీళ్ళొచ్చాయంటే ఇక తొయ్యడానికి వీలుండదు.

పాప ఓ నిమిషం ఆలోచించి నాన్నతో తెలుగులో అంది: "పొద్దున నీళ్ళు మన కిందికొచ్చి మనల్ని లేపాయి. ఇక్కడ నీళ్ళు లోపలికొచ్చి ముంచుతాయి. నీళ్ళు అవే కదా తాతయ్యా?"

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. అదే సబ్‌మెరీన్, అదే కథ, అదే పిల్ల. మొదటిసారి "అయిపోయిందా?" అన్న పిల్లే.

నాన్నకి కూడా ఒక సందేహం వచ్చింది. సముద్రంలో పట్టుకున్న ఓడ నేల మధ్యలో ఉన్న ఈ ఊరికి ఎలా వచ్చిందని. 1954లో సెయింట్ లారెన్స్ నది మీదుగా, గ్రేట్ లేక్స్ మీదుగా లాక్కొచ్చారు. చివర్లో రోడ్డు దాటించి మ్యూజియం పక్కకి చేర్చారు. ఆ దారిలో నయాగరా జలపాతాన్ని తప్పించుకోవాలంటే వెల్లండ్ కాలవ ఎక్కాలి, అంటే లాకులు దాటాలి. ఇది తెలిశాక నాన్న ఆ ఓడ పక్కగోడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు.

నేననేది ఇది

మ్యూజియం నిండా జవాబులుంటాయి. చక్కటి దీపాల కింద, శుభ్రంగా రాసిపెట్టిన జవాబులు. ప్రశ్న మాత్రం పిల్లలు బయటినుంచి తెచ్చుకోవాలి. చేతిలో ప్రశ్న లేని పిల్లకి ఆ హాళ్ళన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. బోటు మీద గంటన్నరలో ప్రశ్నలు వాటంతటవే వచ్చి పడతాయి. ఇంత బరువు ఎలా తేలుతోంది, గోడ ఎందుకు దిగుతోంది, వంతెన మధ్యకి విడిపోయి ఎలా లేస్తుంది, మురికి ఎటు పోతుంది. ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నీళ్ళ మీద కూర్చుంటే చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. "హోంవర్క్ అయ్యాకే ఆట" అనే మాట మనం ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. మ్యూజియం ముందు, బోటు తర్వాత అన్నప్పుడు మనం చెప్పేదీ అదే. మ్యూజియం పని, బోటు ఆ పనికి కూలి. పిల్లలు ఇది ఇట్టే పసిగడతారు. మొదటిసారి మధ్యాహ్నం నుంచీ బాబు "బోటెప్పుడు?" అని ఎన్నిసార్లు అడిగాడో! వాడు మ్యూజియంలో లేడు, బోటు కోసం ఎదురుచూస్తున్న వెయిటింగ్ రూములో ఉన్నాడు. ఆ గదిని అలా మార్చింది నేనే.

నన్ను ఆపే మాటలు

మా ఆయన దీన్ని ఒప్పుకోరు. "అదంతా మీ నాన్నగారి మహిమ. ఆయన లేకపోతే ఆ లాకుల దగ్గర పిల్లలు చిప్స్ తింటూ కూర్చునేవాళ్ళు" అంటారు. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాన్న ఉండటం వల్ల చాలా జరిగింది, నిజమే. కానీ గోడ దిగిపోతోందని కనిపెట్టింది బాబు. లేస్తున్నది మనమని చెప్పింది పాప. నాన్న మాట్లాడింది ఆ తర్వాతే. తాతయ్య లేకపోతే పంపుల ప్రశ్న నన్నడిగేది. నాకు జవాబు తెలిసేది కాదు. జవాబు తెలియని ప్రశ్నతో మ్యూజియంలోకి వెళ్ళేది. అది ఇంకా మంచిదేమో.

రెండో అభ్యంతరం వయసు. ఏడేళ్ళ పిల్లకీ పదేళ్ళ పిల్లకీ చాలా తేడా ఉంటుంది. మూడేళ్ళు పెరిగిన పిల్ల మంచి ప్రశ్న అడిగితే ఆ గొప్ప బోటుకి ఇవ్వడం ఏం న్యాయం? దీన్ని తీసిపారెయ్యలేను. వరస మార్చకపోయినా పాప ఈసారి ఇంకొంచెం శ్రద్ధగా వినేదే. కాకపోతే ఆ ప్రశ్నలో నీళ్ళు లోపలికి రావడం గురించే అడిగింది, యుద్ధం గురించి కాదు, ఎనిగ్మా గురించి కాదు. ఆ నీళ్ళు పొద్దుటివి.

మూడోది నాకు నేనే వేసుకున్నది. తేడా తెచ్చింది వరసా, లేక తక్కువ చూడటమా? ఈసారి చూసినవి మూడే. గుడ్లు, సబ్‌మెరీన్, చివర్లో ఆ సుడిగాలి. పొద్దున్నే వెళ్ళి మూడే చూసినా ఇంతే బాగుండేదేమో. కానీ పొద్దున్నే వెళ్ళి మూడే చూడటం నా వల్ల కాదు, చాలామంది తల్లిదండ్రుల వల్ల కూడా కాదనుకుంటాను. ముందు రోజంతా ఉందంటే ఆశ పెరుగుతుంది. టైము తక్కువుందంటేనే ఏది వదలాలో తెలుస్తుంది.

అన్నిటికంటే బరువైన ఎదురుమాట ఆ మ్యూజియం పుట్టుకలోనే ఉంది. చికాగోలోని పెద్ద వ్యాపార సంస్థ సియర్స్‌కి పెద్ద జూలియస్ రోజెన్‌వాల్డ్ 1911లో కుటుంబంతో సెలవులకి జర్మనీలోని మ్యూనిక్ వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ కొడుకు విలియం అక్కడి సైన్స్ మ్యూజియం డాయిచెస్ మ్యూజియంలో మీటలు నొక్కుతూ, పిడులు తిప్పుతూ కదల్లేదట. అది చూసి, మన ఊళ్ళో కూడా ఇలాంటిది ఉండాలనుకున్నాడు ఆ తండ్రి. లక్షల డాలర్లిచ్చాడు, తన పేరు మాత్రం పెట్టవద్దన్నాడు. 1933లో తలుపులు తెరిచేనాటికి ఆయన లేడు. ఒక సెలవు రోజు, ఒక పిల్లాడి మొండితనం, దాన్నుంచి ఇంత పెద్ద సంస్థ. ఆ పిల్లాడు ఏ బోటూ ఎక్కి ప్రశ్న తెచ్చుకోలేదు కదా! మీట నొక్కాడు, ఏదో కదిలింది, ప్రశ్న అక్కడే పుట్టింది.

అందుకని నా మాటని కొంచెం కుదించుకుంటున్నాను. చేత్తో తిప్పి చూసే వస్తువుల దగ్గర వరస అంత ముఖ్యం కాదు. సుడిగాలి హాల్లో బాబు గాలిని అటూ ఇటూ మారుస్తూ ఆడాడు, దానికి పొద్దున బోటెక్కి ఉండక్కర్లేదు. గుడ్లకీ అక్కర్లేదు. కానీ సబ్‌మెరీన్, రైలు, వ్యోమనౌక లాంటి మహా వస్తువులున్నాయి చూశారా, వాటిని మనం తిప్పలేం, నడపలేం, చూసి ఎవరో చెప్పింది వినడమే. అక్కడే పిల్లలు అలసిపోతారు. అక్కడికే ఒంటికి తెలిసిన అనుభవం ఏదైనా వెంట తీసుకెళ్ళాలి. ఒక కొడుకు కదలనంటే ఆగిన తండ్రి పుణ్యాన ఏర్పడ్డ చోట, కదలనన్న నా కొడుకుని నేను లాక్కెళ్ళాను. ఈ కథ నాకు ఆ తర్వాత తెలిసింది.

కాబట్టి చెల్లీ, పొద్దుటి బోటే తీసుకో. నదిలో తిరిగి వచ్చేవి కొన్ని, సరస్సులోకి వెళ్ళేవి కొన్ని ఉంటాయి. లాకులు దాటేదే అని టికెట్ కొనే ముందు చూసుకో. పైన కూర్చోండి, లాకుల దగ్గర మాత్రం గోడ పక్కకి రండి. సబ్‌మెరీన్ లోపలికి వెళ్ళాలంటే వేరే టికెట్ కావాలి, మధ్యాహ్నానికి ముందే తీసి పెట్టుకో. బొగ్గు గని వదిలెయ్. మేం కూడా ఈసారి చూడలేదు. గుడ్ల దగ్గర వాచీ చూసుకోకు.

ఆ సాయంత్రం ఫోర్‌కాస్ట్‌లో చెప్పినట్టే వాన వచ్చింది. హోటల్ కిటికీ మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి, ఎదురుగా ఉన్న మేడలు కూడా కనిపించడం లేదు. పాప మంచం మీద అడ్డంగా పడి నిద్రపోయింది. బాబు కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. మధ్యాహ్నం గుడ్ల దగ్గర లాగే గాజుకి నుదురు ఆనించి, మసకబారితే తుడుచుకుంటూ చూస్తున్నాడు. నాన్న వెనక నిలబడి, వాడు పడిపోకుండా చొక్కా పట్టుకున్నారు.

"తాతయ్యా, ఇప్పుడు గేట్లు తెరిచేసి ఉంటారా? నది ఇప్పుడు ఎటు పోతోంది?"